హగరి దాటితే పాట: బళ్లారి ఊరు విన్న సంగీతం



బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసుకుంటున్న మన పిల్లలు సెలవులకు ఊరికి వచ్చినప్పుడల్లా ఒక మాట అంటుంటారు. అక్కడైతే ఒక్క శనివారం సాయంత్రం ఒకచోట కర్ణాటక కచేరీ, ఇంకోచోట గజల్, మరోచోట గిటారు బృందం, అన్నీ ఎదురుగా కూర్చుని వినొచ్చట. మన బళ్లారిలో ఏముందని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఉగాది కార్యక్రమానికి సంఘం డబ్బు ఎలా ఖర్చు పెట్టాలనే చర్చ కూడా ఇప్పుడే నడుస్తోంది కాబట్టి, ఆ ప్రశ్నకు కొంచెం పొడుగ్గానే జవాబు రాస్తున్నాను. తీరిక ఉన్నప్పుడు చదవండి.

ముందు మన ఊరు ఎక్కడుందో చూద్దాం. గుంతకల్లు నుంచి బళ్లారికి రైల్లో వస్తే హగరి స్టేషన్ తగులుతుంది, హగరి ఏరు దాటాలి. 1906లో పెట్టిన వ్యవసాయ పరిశోధన క్షేత్రం వల్ల రైతులకు ఆ పేరు తెలుసు. మిగిలినవాళ్లకు ఎండాకాలంలో ఇసుక మాత్రమే కనిపించే ఏరుగా తెలుసు. వేదవతి అనే పేరుతో చిత్రదుర్గం వైపు నుంచి వచ్చి, అనంతపురం సీమలో కొంత దూరం పారి, మళ్లీ బళ్లారి జిల్లాలోకి వచ్చి తుంగభద్రలో కలిసే నది ఇది. రెండు రాష్ట్రాల్లోనూ తిరుగుతుంది. మన పాట కూడా అలాగే తిరిగింది.

1871లో మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గం, బొంబాయి నుంచి వచ్చిన మార్గం రాయచూరు దగ్గర కలిశాయి. 1880ల్లో బళ్లారి నుంచి హొసపేట, గదగ్, హుబ్బళ్లి వైపు లైను పడింది. దాంతో మన ఊరికి తూర్పు నుంచి ఒక దారి, పడమర నుంచి ఒక దారి ఏర్పడ్డాయి. తూర్పు దారిలో మద్రాసు కర్ణాటక సంగీతం, పడమర దారిలో ధార్వాడ, మహారాష్ట్ర నాటక కంపెనీల పాట. పడమటి వైపు అప్పుడు పెద్ద సందడే నడుస్తోంది. బెళగావి సీమలో పుట్టిన అణ్ణాసాహెబ్ కిర్లోస్కర్ 1880లో పుణేలో శాకుంతలం ఆడించి మరాఠీ సంగీత నాటకానికి దారి వేశాడు. ధార్వాడ వాళ్ల నాటక సమాజం ఆ రోజుల్లోనే తెలుగు ఊళ్లు తిరిగి నాటకాలాడింది. ఈ రెండు దారుల మధ్య కూడలిలాంటి ఊరు బళ్లారి. కన్నడం, తెలుగు, మరాఠీ, ఉర్దూ, తమిళం ఒకే బజారులో వినిపించేవి. ఇంగ్లీషు వాళ్ల దండు ఉన్న ఊరు కాబట్టి ఇంగ్లీషూ ఉండేది.

ఆ కూడలిలో నిలబడి చెవి ఒగ్గి విన్నవాడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. 1853లో పుట్టిన ఈయన బళ్లారి కోర్టులో వకీలు. 1886లో సరస వినోదినీ సభ స్థాపించాడు. మరుసటి సంవత్సరం ఆయన రాసిన చిత్రనళీయం రంగస్థలం ఎక్కింది. తర్వాత విషాద సారంగధర వంటివి రాశాడు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దాన్నే చెప్పుకుంటారు. ఆంధ్ర నాటక పితామహుడనే బిరుదు ఊరికే రాలేదు. మన విషయానికి ముఖ్యమైనది, ఆయన నాటకంలోకి పాటను, రాగాన్ని గట్టిగా తీసుకువచ్చాడు. కచేరీలో పండితులు వినే రాగం నాటకంలో నలుడి నోటా చిత్రాంగి నోటా వచ్చేసరికి, టిక్కెట్టు కొని కూర్చున్న మామూలు మనిషికి అందింది. రాగం పేరు తెలియనవసరం లేదు. కథలో దుఃఖం వచ్చినప్పుడు ఏ రాగం పలికిందో చెవే గుర్తు పెట్టుకుంటుంది.

ఆ తర్వాతి కాలంలో తెలుగు రంగస్థలం మీద పార్సీ మెట్లు అనే మాటే పుట్టింది. బొంబాయి పార్సీ కంపెనీల హిందుస్తానీ వరసలకు తెలుగు మాటలు కట్టి పాడేవాళ్లు. హార్మోనియం, తబలా వచ్చి చేరాయి. ఒక రాత్రి నాటకం చూస్తే కర్ణాటక రాగంలో పద్యం, హిందుస్తానీ వరసలో పాట, మరాఠీ పోకడ ఒకటి, అన్నీ వినేవాళ్లు. ఇప్పుడు పిల్లలు నాలుగు హాళ్లు తిరిగి వినేది అప్పుడు ఒకే హాల్లో దొరికేది.

ఇందులో మన సంఘం గమనించాల్సింది ఒకటుంది. సరస వినోదినీ సభ రాజులు పోషించింది కాదు, బతుకుతెరువు కోసం ఊరూరా తిరిగే కంపెనీ కూడా కాదు. అలాంటి కుటుంబ సమాజాలు వేరే ఉండేవి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి వాళ్లు ఆ దారివాళ్లు. బళ్లారి సభ మాత్రం పగలు వేరే పని చేసుకునేవాళ్లు, వకీళ్లు, ఉద్యోగస్తులు సాయంత్రం కలిసి నడుపుకున్న సంఘం. మనలాంటి సంఘం.

దాని బలం మద్రాసులో తెలిసింది. 1891లో సభవాళ్లు మద్రాసు వెళ్లి విక్టోరియా పబ్లిక్ హాలులో నాటకాలాడారు. చూసినవాళ్లలో పద్దెనిమిదేళ్ల తమిళ కుర్రవాడు ఒకడున్నాడు. పేరు పమ్మల్ సంబంధ ముదలియార్. అప్పటిదాకా ఆయనకు తమిళ నాటకాలంటే చిన్నచూపు. చదువుకున్నవాళ్లు, గౌరవమైన ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు వేషం కట్టి అంత శ్రద్ధగా ఆడటం, పాడటం చూసి ఆ అభిప్రాయం పోయింది. అదే సంవత్సరం జూలై 1న స్నేహితులతో కలిసి సుగుణ విలాస సభ పెట్టాడు. తర్వాత ఆయన జడ్జి అయ్యాడు, తొంభైకి పైగా నాటకాలు రాశాడు, ఆధునిక తమిళ నాటకానికి తండ్రి అనిపించుకున్నాడు. బళ్లారి వాళ్ల స్ఫూర్తి సంగతి తన జ్ఞాపకాల్లో ఆయనే రాసుకున్నాడు. మహానగరంలో కొత్త కళ చూసి మనవాళ్లు నోరు తెరవడం మనకు తెలుసు. మన ఊరి కళ చూసి మహానగరం నోరు తెరిచిన సందర్భం ఇది. మన పిల్లలకు చెప్పాల్సిన కథ.

బళ్లారిలోనే రెండో సభ వచ్చింది. హంపి పక్కన కమలాపురంలో పుట్టిన కోలాచలం శ్రీనివాసరావు కూడా వకీలే. ఆయన సుమనోరమ సభ నడిపాడు. చరిత్ర నాటకాల మీద ఆయనకు మక్కువ. రామరాజు చరిత్ర అలా వచ్చిందే. 1908లో ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో పుస్తకంగా రాశాడు. ఒకే ఊళ్లో రెండు సభలుంటే పోటీ తప్పదు. ఆ పోటీ వల్ల ప్రేక్షకుడికి లాభమే జరిగింది. ఒకచోట రాగం బాగుందంటే ఇంకోచోట మాట బాగుందని తర్కించుకునే జనం తయారయ్యారు. వినే చెవులు తయారు కాకుండా ఏ ఊళ్లోనూ సంగీతం నిలవదు.

ఆ తర్కాన్ని చివరిదాకా తీసుకెళ్లినవాడు ధర్మవరం వారి మేనల్లుడు, మనమంతా బళ్లారి రాఘవ అని పిలుచుకునే తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టాడు. ఈయన కూడా వకీలే. మేనమామ నాటకంలోకి తెచ్చిన పాట అప్పటికి హద్దు దాటింది. చనిపోయిన పాత్రధారి ‘వన్స్ మోర్’ అనగానే లేచి, మళ్లీ పద్యం పాడి, మళ్లీ చనిపోయే రోజులవి. ఒక్కో పద్యానికి పది నిమిషాల రాగం. నాటకానికి అభినయమే ప్రాణమని, రాగాల సాగతీత అడ్డమని రాఘవ వాదించాడు, చేసి చూపించాడు. కోలాచలం వారి నాటకంలో ఆయన వేసిన పఠాన్ రుస్తుం వేషాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి, స్త్రీలను రంగస్థలం మీదికి తెచ్చాడు. 1946 ఏప్రిల్ 16న పోయాడు. కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు, ఆంధ్రలో తెలుగు నాటక రంగ దినోత్సవం జరుపుకునే రోజు కూడా ఏప్రిల్ 16 కావడం విశేషం.

మేనమామ, మేనల్లుడు ఇద్దరిలో ఎవరిది సరి అని నన్నడిగితే ఇద్దరిదీ సరే అంటాను. పాట రావాల్సిన కాలంలో ఒకరు తెచ్చారు, మితిమీరిన కాలంలో ఇంకొకరు తగ్గించారు. రాఘవ మాట విని మనం పద్యాన్ని మొత్తానికే వదులుకుంటే ఆ తప్పు రాఘవది కాదు.

ఇదంతా హాలు లోపలి సంగతి. హాలు బయట, హగరి ఒడ్డు పల్లెల్లో, ఇంకో సంగీతం ఉండేది. దానికి టిక్కెట్టు లేదు. పీర్ల పండగ వస్తే గుండం చుట్టూ అలాయి ఆడుతూ పాడేవాళ్లు. హిందువులు, ముస్లింలు కలిసే పాడేవాళ్లు. తెలుగు ఊళ్లో తెలుగులో, కన్నడ ఊళ్లో కన్నడంలో కర్బలా కథ వినిపించేది. శివరాత్రికి చెక్కభజన, కోలాటం. ఊరికి తోలుబొమ్మలవాళ్లు వస్తే తెల్లవార్లూ రామాయణం. ఈ బొమ్మలాట కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది మరాఠీ యాస, ఆట ఆడేది తెలుగులోనో కన్నడంలోనో. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మన బళ్లారి వైపు అదే కళను కన్నడంలో దేశదేశాలకు తీసుకెళ్లిన బెళగల్లు వీరణ్ణ గారు 2023లో పోయారు.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసేది దరోజి ఈరమ్మ గారి కథ. సండూరు తాలూకా దరోజికి చెందిన బుర్రకథ కళాకారిణి. బుడగ జంగాల కుటుంబం. వాళ్ల ఇళ్లలో మాట తెలుగు. ఆమె పాడింది కన్నడంలో. కంపిలి కుమారరాముడి కథ మొదలు బాలనాగమ్మ కథ దాకా ఎన్నో పెద్ద కావ్యాలు, చదువు రాకుండా, నోటికే వచ్చు. బాలనాగమ్మ మన అమ్మమ్మలు తెలుగులో చెప్పిన కథే. అది ఒక తెలుగింటి ఆడమనిషి గొంతులో కన్నడ కావ్యం అయ్యింది. హంపి కన్నడ విశ్వవిద్యాలయం ఆమెకు నాడోజ గౌరవం ఇచ్చింది. 2014లో ఆమె పోయారు. ఇలాంటి మనిషిని ఏ భాష లెక్కలో రాసుకోవాలి? రెండింటిలోనూ రాసుకోవడమే న్యాయం.

ఇక్కడ 1953 గురించి చెప్పక తప్పదు. ఆ సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. పాత బళ్లారి జిల్లాను విడదీశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి. బళ్లారి తాలూకా మీద పెద్ద తగాదా నడిచి, మిశ్రా కమిషన్ విచారణ తర్వాత మైసూరుకు చేరింది. అప్పటి మన పెద్దల్లో కొందరికి అది బాధ, పొరుగువాళ్లకు సంతోషం. ఆ మాటలు మళ్లీ తవ్వడం నా ఉద్దేశం కాదు. నేను గమనించింది ఒక్కటే. గీత పడ్డాక తెలుగు నాటక చరిత్ర రాసేవాళ్లకు బళ్లారి పక్క రాష్ట్రపు ఊరైంది. కన్నడ నాటక చరిత్ర రాసేవాళ్లకు ధర్మవరం, కోలాచలం తెలుగువాళ్లయ్యారు. రెండు పుస్తకాల్లోనూ మన ఊరికి రెండు పేరాలు దక్కాయి. ఊళ్లో మాత్రం రాఘవ పేరిట కళామందిరం నిలిచింది, అక్కడ రెండు భాషలూ పలికాయి.

కాబట్టి పిల్లల ప్రశ్నకు నా జవాబు ఇది. బళ్లారిలో అన్ని రకాల సంగీతం ఎదురుగా కూర్చుని వినే అలవాటు ఉండేది. ఊరు పెద్దది కావడం ఒక్కటే దానికి కారణం కాదు. వారం వారం చందా కట్టి, హాలు మాట్లాడి, హార్మోనియం వాయించేవాడికి భోజనం పెట్టి, ప్రయాణ ఖర్చులిచ్చి పంపిన సంఘాలు ఉండేవి. అవి తగ్గాక పాట తగ్గింది. సినిమా వచ్చింది, రేడియో వచ్చింది, ఇప్పుడు ఫోన్ వచ్చింది, వాటినే తప్పుపట్టి లాభం లేదు. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించి 1971 దాకా దూరం పెట్టినా, నాటకాల్లో హార్మోనియం ఆగలేదు. పిలిచే సంఘం ఉంటే వాయిద్యం బతుకుతుంది.

మనమూ ఒక సంఘమే. ఉగాదికి పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ పెట్టి పాడిస్తే ఖర్చు తక్కువ, నిజమే. కానీ ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా వాయించే చేతికి చేరదు. నా మనవి మూడు మాటల్లో చెప్తాను. ఒకటి, ఈ ఉగాదికి ఒక గంట పద్యనాటకానికి ఇవ్వండి, పక్కన హార్మోనియం, తబలా మనుషులే వాయించాలి. రెండు, ఆగస్టు 2న రాఘవ జయంతి రోజున ఒక బుర్రకథ, ఒక పీర్ల పాటల బృందం, ఒక కన్నడ రంగగీతాల బృందం, మన పిల్లల గిటారు బృందం, అందరినీ ఒకే వేదిక మీదికి పిలుద్దాం. కన్నడ సంఘం వాళ్లను కూడా అతిథులుగా కాకుండా భాగస్వాములుగా పిలవాలి. మూడు, వచ్చినవాళ్లకు శాలువాతో సరిపెట్టకుండా ముందే మాట్లాడుకున్న పారితోషికం ఇద్దాం.

మీ ఇళ్లలో పాత నాటకాల కరపత్రాలు, ఫోటోలు ఉంటే దయచేసి పారేయకండి, ఒక ఫోటో తీసి సంఘానికి పంపండి. మీ వీధిలో వాయించేవాళ్లు, పాడేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే వివరాలు కార్యదర్శి గారికి చెప్పండి. వచ్చే సమావేశంలో ఈ మూడు మాటల మీద ఓటు పెట్టమని అడుగుతున్నాను. వద్దనేవాళ్లు కూడా వచ్చి వద్దని చెప్పండి. తర్కించుకోవడం మన ఊరికి కొత్త కాదు.