ఇంటిలో చిత్రశాలకు చోటు

మన పెద్దలు పేర్కొన్న అరువది నాలుగు కళలలో రెండింటిని ఇక్కడ స్మరించుకొందాం. ఒకటి ఆలేఖ్యం, అనగా చిత్రలేఖనం. మరొకటి తండుల కుసుమ బలి వికారం, అనగా బియ్యంతోను పూలతోను పూజాస్థలాన్ని తీర్చిదిద్దే విద్య. ఈ రెండవది ఒక పూటలో పూర్తి అవుతుంది. మొదటిదానికి అనేక దినాలు పడుతుంది. కనుక సగం వేసిన బొమ్మ రాత్రి కూడా కదలకుండా ఉండగల చోటు దానికి కావాలి. అట్టి చోటునే మనం చిత్రశాల అంటాం. అది ఎవరి ఇంటిలో ఎట్లా దొరికినదో తెలుసుకోవడం మనకు ఉపయోగకరం.

లండన్‌లోని హాలండ్ పార్క్ సమీపంలో లేటన్ హౌస్ ఉన్నది. చిత్రకారుడు ఫ్రెడరిక్ లేటన్ ఈ ఇంటిని 1860ల నడుమ జార్జ్ ఎయిచిసన్ అనే వాస్తుశిల్పి చేత కట్టించడం ప్రారంభించి, సుమారు ముప్పది సంవత్సరాలు పెంచుతూ వచ్చినాడు. అంత పెద్ద భవనంలో ఆయనకు పడకగది ఒక్కటే. పై అంతస్తులో ప్రధాన స్థానం చిత్రశాలదే. దాని పెద్ద కిటికీ ఉత్తరానికి ఉన్నది. ఈ దేశంలో ఉత్తరపు కిటికీ గుండా నేరుగా ఎండ పడడం అరుదు. అందుచేత గదిలోని నీడలు గంటగంటకు జరగవు, రంగులు నిలకడగా కనిపిస్తాయి. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న నాటాల్‌లో ఆ గుణం దక్షిణపు కిటికీకి ఉంటుంది. అయినప్పటికీ లండన్ చలికాలపు మసక వెలుతురు లేటన్‌కు చాలలేదు. 1889-90లో ఆయన అద్దాలతో శీతాకాలపు చిత్రశాలను వేరుగా కట్టించుకొన్నాడు.

అది ధనవంతుని మార్గం. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుల మార్గం వేరు. వారు బట్టను కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి కలం చేసుకొంటారు. బెల్లం నీటిలో ఇనుప ముక్కలను అనేక దినాలు నానబెట్టి నలుపు తయారుచేస్తారు. రంగు పట్టడానికి పటిక వాడుతారు. ఉడికించిన బట్టను పారే నీటిలో ఉతకాలి. అందుకు స్వర్ణముఖీ నది ఉన్నది. గీయడానికి ఇంటి నేల, ఉడికించడానికి పెరడు, ఉతకడానికి ఏరు. ఈ మూడూ కలిసినదే వారి చిత్రశాల. కోరమండల్ తీరాన ఇట్టి అద్దకంతో తయారైన పూర్వకాలపు వస్త్రాలను మన పిల్లలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో చూడవచ్చు.

చోటుతో పాటు ఇంటివారి ఆదరం కూడా కావాలి. రాజమహేంద్రవరానికి చెందిన దామెర్ల రామారావు దీనికి మంచి ఉదాహరణ. అక్కడి ప్రభుత్వ కళాశాల అధ్యక్షుడు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభను గుర్తించి, బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్ళేటట్లు ప్రోత్సహించినాడు. ఆ కూల్డ్రే మనం నివసించే ఈ దేశపు ఆబింగ్డన్ పట్టణంవాడు, స్వయంగా చిత్రకారుడు. రామారావు ఇంటిలో ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రాలు వేసినారు. ఆయన 1925లో, ఇరువది ఎనిమిది ఏండ్లు నిండకమునుపే మరణించినాడు. ఆయన చిత్రాలు నేటికిని రాజమహేంద్రవరంలో ఆయన పేరిట వెలసిన చిత్రకళా మందిరంలో భద్రంగా ఉన్నాయి.

ఇక నా పూర్వీకుల వంటి వారి మాట. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవు చేరినది. 1911 వరకు ఇట్లే ఓడలు వస్తూనే ఉన్నాయి. ఐదేండ్ల ఒప్పందంపై వచ్చిన కూలీలకు చెరకు తోటలలో వరుస గదులు ఇచ్చినారు. వండడం, తినడం, పడుకోవడం అన్నీ ఆ ఒక్క గదిలోనే. సగం వేసిన బొమ్మను ఉంచుకొనే చోటు ఎక్కడ? కనుక మా స్త్రీలకు మిగిలినది వాకిలి. బియ్యపు పిండి లేనప్పుడు మొక్కజొన్న పిండితో ముగ్గు పెట్టేవారని మా నాయనమ్మ చెప్పేది. తెల్లవారుజామున వేసిన ముగ్గు సాయంత్రానికి కాళ్ళ కింద చెరిగిపోయేది. మరునాడు మళ్ళీ వేసేవారు. వారికి చేయి ఉన్నది, కన్ను ఉన్నది. లేనిది చోటు మాత్రమే. ఆ చోటు ఉండి ఉంటే ఏయే చిత్రాలు మనకు దక్కేవో ఎవరు చెప్పగలరు?

నేడు మన ఇండ్లు చిన్నవే కావచ్చు. వరుస ఇంటిలో గదికి గది ఆనుకొని ఉంటుంది, పెట్టెలు పేర్చిన చిన్న గది తప్ప ఖాళీ కనిపించదు. అయినా దేవునికి చోటు లేదని మనలో ఎవరూ అనలేదు. అలమరలో ఒక అర ఖాళీ చేసి దీపం పెట్టుకొన్నాం. చిత్రకళకు కూడా అట్లే చేయవచ్చు. ఉత్తరపు కిటికీ పక్కన ఒక బల్ల, రంగు ఒలికినా తుడవగల నేల, తడి కాగితం ఆరడానికి ఒక అర, చేరువలో నీటి కొళాయి ఉంటే చాలు. అన్నింటికంటె ముఖ్యమైన నియమం ఒకటి. బిడ్డ సగం వేసిన బొమ్మను భోజనానికి బల్ల కావాలని తీసివేయరాదు. రేపటి వరకు దానిని అక్కడే ఉండనిస్తే ఆ మూల చిత్రశాల అవుతుంది.