అరచేతి మీద సరస్వతి: మన బడిలో లైబ్రరీ పీరియడ్ కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. సరే, ఒక సేనాపతి ఉన్నాడు, కానీ రెండు నిమిషాలే. ఇవాళ మనం మాట్లాడుకునేది వారానికి ఒక్కసారి వచ్చే ఒక పీరియడ్ గురించి. టైంటేబుల్లో "లైబ్రరీ" అని రాసి ఉంటుంది. మీలో సగం మందికి ఆ పీరియడ్‌లో లెక్కల సారు వచ్చి పోర్షన్ చెప్పి ఉంటారు. అవునా కాదా? కామెంట్లలో చెప్పండి.

ఇంత చిన్న పీరియడ్‌కి చరిత్రేంటి అనిపిస్తుంది. ఉంది, చాలా ఉంది. దాన్ని అద్దంకి నుంచి మొదలుపెడదాం.

గుండ్లకమ్మ పక్కనున్న మన అద్దంకి పేరు పోటీ పరీక్షలు రాసేవాళ్లందరికీ తెలుసు. క్రీ.శ. 848 నాటి పండరంగని శాసనం ఇక్కడిదే. పండరంగడు తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాపతి. పన్నెండు బోయ కొట్టాలు గెలిచాడని ఆ రాయి చెబుతుంది. తరువోజ ఛందస్సులో ఉన్న పద్యం కాబట్టి తెలుగు పద్యం అప్పటికే ఉందనడానికి దాన్ని సాక్ష్యంగా చూపిస్తారు. ఇక్కడిదాకా గైడులో ఉంటుంది. నాకు ఆసక్తిగా అనిపించేది ఇంకొకటి. పాత శాసనాల్లో పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు. అక్షరాలన్నీ ఒకదాని వెంట ఒకటి వరసగా ఉంటాయి. దాన్ని కళ్లతో గబగబా చదవడం కుదరదు. నోటితో పైకి అనుకుంటూ పోతేనే ఎక్కడ మాట తెగుతుందో తెలుస్తుంది. పైగా చదవగలిగేది ఎవరో ఒకరిద్దరు, మిగతా ఊరంతా వినేవాళ్లే. తర్వాత 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి అద్దంకిని రాజధాని చేసుకున్నాడు, ఎర్రాప్రగడ ఆయన ఆస్థానంలో ఉన్నాడు. అప్పుడూ అంతే. కావ్యం అంటే ఒకరు చదవాలి, పదిమంది వినాలి.

ఈ "ఒకరు చదవాలి, మిగతావాళ్లు వినాలి" అనే పద్ధతి మన బడుల్లో ఎంతకాలం నడిచిందో చూడండి.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల్లో బడులెన్ని ఉన్నాయో, ఎవరు చదువుతున్నారో లెక్కలు పంపమని కలెక్టర్లకి రాశాడు. జవాబు రాసినవాళ్లలో బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ ఒకడు. 1823లో ఆయన పంపిన రిపోర్టు చదువుతుంటే మన వీధిబడి కళ్లముందు కనిపిస్తుంది. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాళ్లు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి చెప్పేవాళ్లు. పొద్దున బడికి అందరికంటే ముందొచ్చిన వాడి అరచేతిలో "సరస్వతి" అని రాసేవాళ్లట. రెండో వాడి చేతిలో సున్నా, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడో వాడికి ఒక దెబ్బ, నాలుగో వాడికి రెండు, అలా ఒక్కో దెబ్బ పెరుగుతూ పోతుంది. ఇరవయ్యో నంబరు వాడి సంగతి ఆలోచించండి!

పెద్ద పిల్లలు చిన్నవాళ్లకి చెప్పడం అన్నాను కదా, దాన్ని ఆండ్రూ బెల్ అనే ఆయన మద్రాసులో పనిచేసేటప్పుడు అమలు చేసి, 1797లో ఇంగ్లండులో పుస్తకంగా అచ్చు వేశాడు. అక్కడ దానికి "మద్రాసు పద్ధతి" అని పేరొచ్చింది. ఇసుకలో అక్షరాలు రాయించే ఆలోచన కూడా ఆయనకి మద్రాసు వైపు ఓ నాటు బడిని చూశాకే వచ్చింది.

అయితే కాంప్‌బెల్ ఒక కంప్లైంటు కూడా రాశాడు. పిల్లాడు ఎన్ని పద్యాలైనా అప్పజెబుతాడు, వాటి అర్థం మాత్రం చిలకకి తెలిసినంతే తెలుసు అన్నది దాని సారాంశం. తప్పు పిల్లాడిది కాదని కూడా ఆయనే చెప్పాడు. బడిలో ఉన్నవన్నీ పద్యాల పుస్తకాలు, ఆ భాష ఇంట్లో మాట్లాడే భాష కాదు. కంపెనీ దొర మాట కదా, మన చదువుని చులకన చేస్తున్నాడేమో అని అనుమానం రావడం సహజం. నేనూ అలాగే చదవడం మొదలుపెట్టా. కానీ తర్వాత వందేళ్లకి గిడుగు రామమూర్తి, గురజాడ కూడా బడి పుస్తకాల భాష గురించే కొట్లాడారు. పిల్లలకి వచ్చిన భాష వదిలేసి రాని భాషలో చదువు చెప్పడమేంటి అని. కాబట్టి ఈ విషయంలో కాంప్‌బెల్ చూసింది నిజమే అంటాను. ఇంకో నిజం కూడా ఉంది. ఆ వీధిబడుల్లో అమ్మాయిలు దాదాపు లేరు. మాల, మాదిగ వాడల పిల్లలూ దాదాపు లేరు. ఒంగోలు వైపు ఆ వాడల్లోకి అక్షరం వెళ్లింది చాలావరకు 1866లో ఇక్కడికొచ్చిన క్లౌ దొర బాప్టిస్టు మిషను పెట్టిన పల్లె బడులతోనే.

ఇప్పుడు పుస్తకాల సంగతికి వద్దాం. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం. 1914 ఏప్రిల్ 10న అక్కడే ఆంధ్రదేశ గ్రంథాలయాల మొదటి మహాసభ, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షుడు, వెనకుండి నడిపింది అయ్యంకి వెంకటరమణయ్య. అద్దంకికి దగ్గర్లోనే, చేనేత ఊరు వేటపాలెంలో, 1918లో సారస్వత నికేతనం మొదలైంది. 1929లో గాంధీగారు వచ్చి అక్కడ శంకుస్థాపన చేశారు. అప్పుడు విరిగిన ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ దాచిపెట్టి ఉంది, వెళ్తే చూడొచ్చు.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైంది పడవ లైబ్రరీ. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలవలో తిరిగే పడవలో పుస్తకాలు పెట్టించారు. అప్పట్లో కాలవ ప్రయాణం అంటే గంటలు గంటలు. కూర్చున్నంతసేపు చదువుకోండి అని. మనం బస్సులో ఫోన్ తీస్తాం చూడండి, అచ్చంగా ఆ టైమునే ఆయన పట్టుకున్నారు. జనం పుస్తకం దగ్గరికి రాకపోతే పుస్తకాన్నే జనం దగ్గరికి తీసుకెళ్లాలన్నది ఆయన లెక్క.

ఇదంతా బాగుంది, కానీ ఇది పెద్దవాళ్ల ఉద్యమం. పేపరు చదవాలి, స్వరాజ్యం గురించి తెలుసుకోవాలి, రాత్రిబడి నడపాలి. ఆరేళ్ల పిల్లకి అందులో పుస్తకమేదీ? పిల్లల కోసం 1945లో "బాల" వచ్చింది, రేడియో అన్నయ్య, అక్కయ్యల పత్రిక. 1947 జులైలో "చందమామ" వచ్చింది. కొనగలిగిన ఇళ్లకి వచ్చింది, అది వేరే సంగతి. ప్రైమరీ బడికి ప్రభుత్వమే కథల పుస్తకాలు పంపడం పెద్దఎత్తున జరిగింది 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకంలో.

అప్పుడేమైంది? పుస్తకాలొచ్చాయి, చాలా బళ్లలో బీరువాలోకి వెళ్లాయి. తాళం పడింది. టీచర్లని తిట్టడం తేలికే, కానీ స్టాకు రిజిస్టర్ అనేది ఒకటుంది. పుస్తకం పోతే, చిరిగితే, ఆడిట్‌లో జవాబు చెప్పాల్సింది హెడ్మాస్టరు. పిల్లల చేతికిస్తే చిరగకుండా ఉంటుందా? కాబట్టి అట్ట నలగని పుస్తకం ఉన్న బడి మంచి బడి అయిపోయింది. గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాసిన రంగనాథన్ 1931లోనే చెప్పిన మొదటి సూత్రం ఏంటంటే, పుస్తకం ఉన్నది వాడడానికి. మన రిజిస్టర్ చెప్పింది దానికి ఉల్టా.

2018లో సమగ్ర శిక్ష వచ్చాక ప్రైమరీ బడికి లైబ్రరీ కింద ఏడాదికి 5,000 రూపాయల దాకా గ్రాంటు పెట్టారు. 2020 నవంబరులో మన రాష్ట్రంలో "చదవడం మాకిష్టం" మొదలైంది. 2021 జులైలో కేంద్రం నిపుణ్ భారత్ తెచ్చింది. మూడో తరగతికల్లా పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలన్నది దాని టార్గెట్. కాంప్‌బెల్ రిపోర్టుకి దాదాపు రెండొందల ఏళ్ల తర్వాత అన్నమాట.

ఈ ఎపిసోడ్ కోసం అద్దంకి చుట్టుపక్కల ఓ ఎలిమెంటరీ బడికి వెళ్లా. పేరు చెప్పొద్దన్నారు. శుక్రవారం చివరి పీరియడ్. గోడకి రెండు వరసల నైలాన్ తాడు కట్టి, పుస్తకాలు అట్ట కనపడేలా వేలాడదీశారు. బీరువాలో అయితే వీపులే కనిపిస్తాయి, ఒకటో తరగతి పిల్లకి వీపు చూసి పుస్తకం తెలీదు కదా. మొదట పదినిమిషాలు మేడం కథ పైకి చదివారు. మధ్యలో ఆపి "ఇప్పుడేమవుద్ది?" అని అడిగారు. తర్వాత జంటలు, అయిదో తరగతి పిల్లాడి పక్కన ఒకటో తరగతి పిల్లాడు. చెప్పానుగా, మద్రాసు పద్ధతి! ఆఖర్న తలా ఒక పుస్తకం ఇంటికి.

ఒకటో తరగతి పిల్ల ఒకతె చదవకుండా బొమ్మలు చూసి కథ చెబుతోంది, పుస్తకంలో ఉన్న కథకీ దానికీ సంబంధమే లేదు. "ఇది చదవడమేనా మేడం?" అన్నా. "దాని కథ పూర్తయ్యాక, నిజంగా ఏం రాసుందో తెలుసుకోవాలని దానికే ఉంటదండీ. అప్పుడు అక్షరాలు చూపిస్తా" అన్నారు.

రెండో తరగతి పిల్లాడు తెలుగు వాచకంలో పాఠం గడగడా అప్పజెప్పాడు, ఒక్క తప్పు లేదు. అదే పిల్లాడికి తాడు మీద నుంచి కొత్త పుస్తకం తీసి ఇచ్చా. మొదటి లైను దగ్గరే ఆగిపోయాడు. కాసేపటికి గుణింతం కూడబలుక్కుంటూ ఒక్కో మాట లాగాడు. క్లాసు పరీక్షలో వాడికి మార్కులు బాగానే వస్తాయి. వాచకం మాత్రమే చదివిస్తే వీడికి చదవడం రాలేదని ఎవరికీ తెలియదు. కొత్త పుస్తకం చేతిలో పడినప్పుడే బయటపడుతుంది. అందుకే ఈ పీరియడ్‌ని లెక్కల సారుకి ఇచ్చేస్తే నష్టం ఒక ఆటల పీరియడ్ పోయినంత చిన్నది కాదు.

మరి పుస్తకాలు పోవా? పోతాయన్నారు మేడం. జనవరి నుంచి మిరప కోతలు. కొన్ని ఇళ్లవాళ్లు పిల్లల్ని తీసుకుని నెలల తరబడి వేరే ఊళ్లకి వెళ్తారు. వెళ్లే పిల్లలకి పుస్తకం ఇవ్వాలా వద్దా? స్టాకు ప్రకారం ఇవ్వకూడదు. ఆవిడ తలా రెండేసి ఇచ్చి పంపిస్తారు, రిజిస్టర్‌లో "వాడుకలో ఉంది" అని రాస్తారు. పోయినేడు తొమ్మిది ఇస్తే ఆరు తిరిగొచ్చాయి. వాటిలో ఒకటి నాకు చూపించారు. ప్రతి పేజీ అంచునా ఎర్రగా మిరపకాయ పొడి మరకలు, చివరి అట్ట లేదు. దాన్ని మళ్లీ తాడుకే తగిలించారు.