మదనపల్లెలో ఠాగూర్ దస్తూరి

1919 ఫిబ్రవరి 28న మదనపల్లె థియొసాఫికల్ కళాశాలలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఒక రాతప్రతి మీద సంతకం చేశాడు. 'జనగణమన' ఐదు చరణాలకూ ఆయనే చేసిన ఇంగ్లిషు అనువాదం అది. 'ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అన్న శీర్షికతో సహా అంతా ఆయన దస్తూరే. ఆ పాటకు రాగం కుదిరిన ఊరుగా మదనపల్లెకు పేరుంది. ఆ రాతప్రతికి మాత్రం దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఉన్న ప్రాంతాన్ని ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాలంటారు. కన్నడ, తమిళ సీమల అంచున ఉన్న ఎత్తయిన నేల ఇది. అనీబిసెంట్ 1915లో ఇక్కడ కళాశాల పెట్టింది. హోమ్‌రూల్ ఆందోళన వేడిలో ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు పోగొట్టుకుని, బిసెంటే అడయారులో నెలకొల్పిన జాతీయ విశ్వవిద్యాలయంలో చేరింది. ఆ విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్ ఠాగూర్. కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ బెల్ఫాస్ట్‌లో పుట్టిన ఐరిష్ కవి. ఆయన భార్య మార్గరెట్ డబ్లిన్‌లో సంగీతంలో పట్టా పొందిన విద్వాంసురాలు. దక్షిణదేశ యాత్రలో ఉన్న ఠాగూర్ కొన్నాళ్లు విశ్రాంతికి వీళ్ల దగ్గర ఆగాడు.

ఒక సాయంత్రం విద్యార్థుల పాటల గోష్ఠిలో ఆయన తన వంగ గీతం పాడాడు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో మొదటిసారి వినిపించిన పాట అది. సంస్కృత పదాలు నిండిన ఆ భాష తెలుగు పిల్లల చెవికి కొత్తగా తోచి ఉండదు. 'జయహే' అనే పల్లవి రెండోసారి వచ్చేసరికి అందరూ గొంతు కలిపారు. తర్వాత మార్గరెట్ ఠాగూర్‌తో కూర్చుని స్వరాలను పాశ్చాత్య పద్ధతిలో రాసుకుంది. ఠాగూర్ అర్థాన్ని ఇంగ్లిషులోకి తెచ్చాడు. వంగ గీతాన్ని తానే ఇంగ్లిషు చేయడం ఆయనకు అలవాటే. 1913లో నోబెల్ బహుమతి వచ్చింది అలా చేసిన గీతాంజలికే.

మదనపల్లె రాతప్రతి విలువ తెలియాలంటే కాసేపు తూర్పు వైపు చూడాలి. పద్యం రాసిన చేతిని, ఆ చేతి రాతను ఒకే కళగా చూసిన దేశం చైనా. క్రీ.శ. 353లో లాన్‌టింగ్ అనే చోట వాగు ఒడ్డున నలభైమందికి పైగా పండితులు చేరి కవిత్వం చెప్పుకున్నారు. ఆ కవితలకు వాంగ్ షీజీ ముందుమాట రాశాడు. చైనా లిపికళలో దానికి మించిన పేరున్న రచన లేదు. అది కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉన్న చిత్తుప్రతి. అసలు ప్రతి పోయింది. తాంగ్ రాజుల కాలపు నకళ్లే మిగిలాయి. వాటిలోనూ ఆ కొట్టివేతలను యథాతథంగా ఉంచారు. పదకొండో శతాబ్దపు సూ షీ కవి, లిపికారుడు, చిత్రకారుడు కూడా. హువాంగ్‌జౌలో ప్రవాస శిక్ష అనుభవిస్తూ 1082లో ఆయన రాసిన కవితల ప్రతిలో అక్షరాలు పోనుపోను పెద్దవై బరువెక్కుతాయి. చదవడం రానివారికి కూడా అందులోని వేదన కనిపిస్తుంది.

ఠాగూర్ ఈ సంప్రదాయాన్ని మొదట జపానులో దగ్గరగా చూశాడు. 1916లో యొకోహామాలో హారా అనే పట్టు వ్యాపారి ఇంట ఉన్నప్పుడు యొకొయామా తైకాన్, షిమొమూరా కాన్‌జాన్ చిత్రాలు ఆయనను కట్టిపడేశాయి. అరాయ్ కంపో అనే చిత్రకారుడిని కలకత్తాకు రప్పించి అక్కడివారికి కుంచె, సిరాల పద్ధతి నేర్పించాడు. మదనపల్లె మజిలీ ఆ తర్వాత మూడేళ్లకు. కజిన్స్ కూడా అదే 1919లో ఇంగ్లిషు కవిత్వం బోధించడానికి టోక్యోలోని కెయియో విశ్వవిద్యాలయానికి వెళ్లాడు.

1924 ఏప్రిల్‌లో నందలాల్ బోస్ తదితరులతో ఠాగూర్ చైనా చేరాడు. ఆయన పుట్టినరోజు వేడుకలో లియాంగ్ చిచావ్ ఆయనకు చైనా పేరు పెట్టాడు. ఈ రెండు దేశాల్లోనూ జనం విసనకర్రలు, పట్టుగుడ్డ ముక్కలు తెచ్చి రెండు మాటలు రాసిమ్మని అడిగేవారు. అలా పుట్టిన చిన్న కవితలే 'లేఖన్' అయ్యాయి. 1926లో ఐరోపాలో ఉండగా వాటిని లోహపు రేకుల మీద స్వయంగా రాశాడు. పుస్తకం అచ్చు అక్షరాలు లేకుండా ఆయన దస్తూరితోనే వెలువడింది. తూర్పు కవి లిపికారుల వరుసలో ఠాగూర్‌ను నిలబెట్టడానికి ఈ ఒక్క పుస్తకం చాలు.

అంతకుముందే, 1924 చివర్లో మరో మలుపు వచ్చింది. పెరూ ప్రయాణంలో జబ్బుపడి అర్జెంటీనాలో విక్టోరియా ఒకాంపో ఆతిథ్యంలో ఉండగా 'పూరబి' కవితలు రాశాడు. కొట్టేసిన మాటలు అలాగే పడి ఉండటం ఆయన కంటికి నచ్చలేదు. ఒక కొట్టివేతను ఇంకోదానితో గీతలతో కలిపేవాడు. ఆ గీతల్లోంచి పక్షులు, ముఖాలు, వింత జంతువులు లేచాయి. ఒకాంపో వాటిని కళగా గుర్తించింది. 1930 మేలో పారిస్‌లోని పిగాల్ గ్యాలరీలో ఆయన మొదటి చిత్ర ప్రదర్శన ఆమె పూనికతోనే జరిగింది. అరవై దాటాక మొదలైన ఈ కళలో రెండువేలకు పైగా చిత్రాలు వేశాడు. వంగదేశంలో ఆయన అక్షరాల ఒంపును అనుకరిస్తూ తరాలు రాత నేర్చాయి.

ఈ క్రమంలో మదనపల్లె ప్రతి జపాను యాత్రకూ 'పూరబి' చిత్తుప్రతులకూ నడుమ నిలుస్తుంది. అందులో చిత్రాలు లేవు, అలంకారం లేదు. అతిథిగా ఉన్న ఇంట అప్పటికప్పుడు అవసరానికి రాసిన ప్రతి అయినా, దాని నకళ్లు ఈనాటికీ చిత్రపటంలా అచ్చవుతున్నాయి.

కజిన్స్ తిరిగి మదనపల్లెకు వచ్చి మళ్లీ ప్రిన్సిపాల్ అయ్యాడు. 1937లో జాతీయ గీతం గురించి వాదం రేగినప్పుడు, 'జనగణమన' ఆచరణలో ఎప్పుడో ఆ స్థానం సంపాదించుకుందని మద్రాసు పత్రికకు రాశాడు. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ ఆ పాటను జాతీయ గీతంగా స్వీకరించింది. పాడేది మొదటి చరణమే, యాభై రెండు సెకన్లు. మిగతా నాలుగు చరణాల అర్థాన్ని కవి స్వహస్తంతో చదవాలంటే మదనపల్లె ప్రతి ఉంది.