గజసాహిణి నుంచి ప్రధాన న్యాయమూర్తి దాకా

తెలుగువారిలో ఉన్నత న్యాయమూర్తుల అభిరుచుల గురించి రాసేవారు సాధారణంగా హైకోర్టుల కాలం నుంచే మొదలుపెడతారు గాని, పెద్ద పదవిలో ఉన్నవారు తీరిక వేళను ఒక విద్యకు అప్పగించే ఆనవాయితీ 13వ శతాబ్దపు ఓరుగల్లులోనే గట్టిగా కనిపిస్తుంది. కాకతీయ గణపతిదేవుని కొలువులో గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి, అయిన జాయప సేనాని న్యాయాధికారి కాకపోయినా, ఈ చరిత్రకు ఆయనే ఆది.

జాయప వంశం వారు ఏలిన దివిసీమ కాకతీయుల వశమైన తరువాత గణపతిదేవుడు జాయప తోబుట్టువులైన నారాంబ, పేరాంబలను పెళ్లాడి, బాలుడైన జాయపకు గుండామాత్యుని వద్ద నాట్యవిద్య చెప్పించాడు. దళాలకు ఆజ్ఞలివ్వవలసిన మనిషి గురువు ముందు శిష్యుడై కూర్చోవడంలోనే ఈ ఆనవాయితీ విలువంతా ఉంది. 1253-54లో ఆయన సంస్కృతంలో రచించిన ‘నృత్తరత్నావళి’లో ఎనిమిది అధ్యాయాలున్నాయి, మొదటి నాలుగు మార్గాన్ని, అనగా భరతుని శాస్త్రాన్ని అనుసరించే పద్ధతిని వివరించగా, తక్కిన నాలుగు దేశిని, అనగా ఆయా ప్రాంతాల జనం ఆడుకునే నృత్తాలను వర్ణిస్తాయి. రాజబంధువైన సేనాని సగం గ్రంథాన్ని జనం ఆటలకు కేటాయించడం సామాన్య విషయం కాదు. వాటిలో ఒకటైన పేరిణిలో నర్తకుడు ఒళ్లంతా బూడిద పూసుకొని, పాదం మోపే తీరును బట్టి గజ్జెల మోతను పెంచుతూ, తగ్గిస్తూ, ఉన్నట్టుండి ఆపేస్తూ ఆడతాడు. ఈ పాదవిద్యకే ఘర్ఘరమని పేరు. ఇంత సూక్ష్మమైన సంగతి పక్కన నిలబడి చూసినవాడికే తెలుస్తుంది.

తరువాతి కాలంలో ఓరుగల్లు, అంటే వరంగల్లు, నిజాం రాజ్యంలో భాగంగా ఉండగా, ఆ రాజ్యపు ప్రధాన న్యాయమూర్తి నిజామత్ జంగ్ ఆంగ్లంలో కవిత్వం రాశారు.

ఇంతకంటె నిండైన ఉదాహరణ మదరాసు తెలుగువారైన పాకాల వేంకట రాజమన్నార్. 1948 నుంచి 1961 వరకు మదరాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ఆయన, న్యాయవాదిగా ఉన్న రోజుల్లోనే, రాగాలు తీసే పౌరాణిక పద్యనాటకాలదే రాజ్యమైన కాలంలో, సంసారంలోని చిక్కులను వచనంలో చర్చించే సాంఘిక నాటకాలు రచించారు. వాటిలో ‘తప్పెవరిది’ని, వృత్తిరీత్యా తానూ న్యాయవాదే అయిన బళ్లారి రాఘవ ప్రదర్శించారు. కోర్టులో తుదిమాట చెప్పే అధికారం తరువాత దక్కిన ఈ రచయిత, నాటకశాలలో మాత్రం తుదిమాటను ప్రేక్షకులకే వదిలిపెట్టవలసి వచ్చింది. 1953లో ఏర్పడిన కేంద్ర సంగీత నాటక అకాడెమీకి తొలి అధ్యక్షుడుగా ఆయనను ఎంచుకోవడానికి న్యాయపీఠపు గౌరవం ఒక్కటే కారణమనుకోవడం ఈ నాటకకర్తకు అన్యాయం చేయడమే.

రాజమన్నార్ పదవీ విరమణ చేసిన నాలుగేళ్లకు, 1965లో, వి. రాఘవన్ పరిష్కరించిన ‘నృత్తరత్నావళి’ అదే మదరాసులో అచ్చయింది. 1969లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తెలుగు అనువాదాన్ని ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడెమీ ప్రచురించింది. ఆ గ్రంథాన్నీ, ఓరుగల్లుకు చేరువలోని రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకొని నటరాజ రామకృష్ణ పేరిణిని మళ్లీ రంగస్థలం మీదికి తెచ్చారు.