సముద్రం లేని జిల్లాల్లో మన సముద్రాలు

మహబూబాబాద్‌లో కాజీపేట వైపు రైలెక్కితే కాసేపటికే ఒక స్టేషన్ వస్తుంది. దాని పేరు కేసముద్రం. మా దగ్గర సముద్రం ఎక్కడుంది? అల చూడాలంటే మేం బాపట్లకో, మచిలీపట్నానికో పోవాలి. అయినా ఈ చుట్టుపక్కల పాత శాసనాలు తిరగేస్తే అన్నీ సముద్రాలే కనిపిస్తాయి. గణపురంలో గణపసముద్రం ఉంది, బయ్యారంలో ధర్మకీర్తి సముద్రం ఉంది. కాకతీయుల కాలంలో పెద్ద చెరువు తవ్విస్తే దానికి సముద్రమనే పేరు పెట్టేవారు. ఎక్కువ చేసి చెప్పడమని కొందరు నవ్వుతారు గానీ నాకు అది గొప్పలు చెప్పుకోవడంలా అనిపించదు. వాన తప్ప వేరే ఆధారం లేని మెట్ట నేలలో కనుచూపు మేర నీళ్ళు నిలిస్తే, వాటికి అంతకంటే చిన్న పేరు పెట్టడానికి ఎవరికి మనసొస్తుంది?

సెప్టెంబర్ వచ్చిందంటే విశాఖలో ఉండే చుట్టాలు బీచ్‌లో చెత్త ఏరుతున్న ఫోటోలు పంపిస్తారు. పిల్లల చేతులకు గ్లౌజులు, పక్కన సంచులు, అందరి మొహాల్లో నవ్వులు. సెప్టెంబర్ మూడో శనివారం ప్రపంచమంతా తీరాలు శుభ్రం చేసే రోజు. ఇది ఎలా మొదలైందో తెలుసుకున్నాక నాకు భలే సంతోషమనిపించింది. 1986లో అమెరికాలోని టెక్సస్ తీరంలో లిండా మరానిస్, కేథీ ఓహారా అనే ఇద్దరు స్త్రీలు దీన్ని మొదలుపెట్టారు. 2,800 మంది వచ్చి 124 టన్నుల చెత్త ఎత్తారు. ఎత్తడంతో ఊరుకోలేదు, దొరికిన ప్రతి వస్తువునూ రాసుకున్నారు. సీసాలెన్ని, మూతలెన్ని, తాళ్ళెన్ని అని లెక్క కట్టారు. ఇంటి ఖర్చుల పద్దు రాసే మనకు ఆ పద్ధతి కొత్తేమీ కాదు. ఏది ఎక్కువ పోతున్నదో తెలిస్తేనే కదా ఎక్కడ ఆపాలో తెలిసేది!

ఆ ఫోటోలు చూసి మా అమ్మాయి అడిగింది: "మనకు ఇట్లాంటివి ఉండవా అమ్మా?" ఉన్నాయి. ఏటా తొమ్మిది రోజులు ఊరి ఆడవాళ్ళందరం నీళ్ళ దగ్గరికి నడిచిపోయే పండుగ మనకుంది. అయితే ఆ పండుగ వెనక చెరువు కథ ఉంది, ఆ చెరువు వెనక ఒక ఆడపడుచు కథ ఉంది. అది చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

మహబూబాబాద్ జిల్లా బయ్యారం పెద్ద చెరువును చాలామంది చూసే ఉంటారు. దాన్ని కట్టించింది మైలాంబ. కాకతీయ గణపతిదేవుని చెల్లెలు, రుద్రమదేవికి మేనత్త. నతవాటి వంశపు రుద్రునికి ఇచ్చి పెళ్ళి చేశారు. గణపతిదేవుని తల్లి పేరు బయ్యాంబ. ఆ తల్లి పేరు మీదే ఊరికి బయ్యారమని పేరొచ్చిందంటారు. మైలాంబ చెరువు కట్టించి, ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టి, శాసనం వేయించింది.

అసలు విశేషం ఆ శాసనంలోనే ఉంది. చెరువు శాసనమంటే దాత పేరు, తేదీ, దీవెన ఉంటాయనుకుంటాం. ఇందులో మైలాంబ తన పుట్టింటి వంశవృక్షం మొత్తం చెక్కించింది. దుర్జయ వంశంలో వెన్నడనే మూలపురుషుడు కాకతి పురంలో ఉండి ఏలాడు, అందుకే ఆ వంశం వాళ్ళు కాకతీశులయ్యారని మొదలుపెట్టి, గుండలు, ఎర్ర, బేత అంటూ తన అన్న వరకు వరస చెప్పింది. కాకతీయుల తొలి తరాల గురించి చరిత్రకారులకు ఈ చెరువు కట్ట శాసనమే పెద్ద ఆధారమైంది. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు కాకతీయుల చరిత్ర రాసినప్పుడు దీనికి ఎంతో ప్రాముఖ్యమిచ్చారు. రాజుల పుట్టుపూర్వోత్తరాలు కోటలోనో, పెద్ద గుడిలోనో కాకుండా అత్తవారింటికి పోయిన ఆడబిడ్డ కట్టించిన చెరువు దగ్గర దొరికాయన్నమాట.

పెళ్ళయ్యాక ఇంటిపేరు మారుతుంది, గోత్రం మారుతుంది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట మైలాంబకూ అంతే. అయినా తన పేరుతో ఒక రాయి నిలబెట్టే అవకాశం వచ్చినప్పుడు ఆమె దాని మీద పుట్టింటి వాళ్ళనే తలుచుకుంది. రాజకీయంగా దానికి వేరే కారణాలు ఉండొచ్చు, చక్రవర్తి చెల్లెలినని చాటుకోవడం ఉండొచ్చు. నాకు మాత్రం ఒక కూతురు తల్లిగారి ముచ్చట చెప్తున్నట్టే వినిపిస్తుంది.

బీఏలో మాకు సప్తసంతానాల పాఠం ఉండేది. కొడుకు, చెరువు, గుడి, వనం, నిధి, అగ్రహారం, కృతి. ఈ ఏడూ మనిషి పోయినా అతని పేరు నిలబెట్టే సంతానాలని. పరీక్ష కోసం బట్టీ పట్టి మరిచిపోయిన జాబితా అది. ఇప్పుడు ఆలోచిస్తే అందులో కూతురు లేదు. ఆ ఏడింటిలో లేని కూతురే పోయి, ఆ ఏడింటిలో ఒకటైన చెరువును కని ఊరి చేతిలో పెట్టింది. ఈ మాట అప్పట్లో తరగతిలో అని ఉంటే మా లెక్చరర్ ఏమనేవారో!

చెరువు కట్టడం ఒక్క రోజు పుణ్యం, దాన్ని కాపాడటం మాత్రం ఏటేటా చాకిరీ. కట్ట గట్టిగుండాలి, తూము సక్కగ తెరుచుకోవాలి, మత్తడి పొంగితే ఆ నీళ్ళు కింది చెరువులోకి దిగాలి. మా ప్రాంతపు చెరువులు గొలుసు లెక్క ఒకదాని కిందొకటి ఉంటాయి. పై ఊరి మత్తడి కింది ఊరికి పంట. ఏ చెరువు కట్ట తెగినా కింద ఉన్న అన్ని ఊళ్ళకూ ముప్పే. కాకతీయుల కాలంలో దశబంధమనే ఏర్పాటు ఉండేది. చెరువు కట్టించి కాపాడేవారికి ఆ చెరువు కింద పారే భూమిలో కొంత భాగం దక్కేది. తర్వాత కాలంలో తూము తీసి మూసేందుకు నీరటి ఉండేవాడు. ఎండాకాలంలో చెరువు ఎండితే మట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. చెరువు లోతయ్యేది, పొలం బలపడేది.

ఇదంతా చల్లగా సాగిన రామరాజ్యమని నేను చెప్పను. జనగామ వైపు పుట్టిన నాకు దొరల కాలం కథలు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఊరి పనులు ఎన్నో వెట్టి కిందే నడిచేవి, కూలి లేకుండానే కట్టలకు మట్టి మోసిన వాళ్ళున్నారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తను కౌలుకు చేసిన పంటను దొరకు పోనివ్వనని నిలబడిందంటే, ఆ పంట వెనక ఉన్న నీళ్ళు, మట్టి, చెమట ఎవరివో ఆమెకు బాగా తెలుసు కనుకనే. మైలాంబ పేరు రాయి మీద ఉంది. గంప నెత్తినెత్తుకుని మట్టి మోసిన ఆడవాళ్ళ పేర్లు ఏ రాయి మీదా లేవు.

తర్వాత బోర్లు వచ్చాయి. ఎవరి నీళ్ళు వాళ్ళ పొలంలోనే వస్తుంటే చెరువు సంగతి ఎవరికి కావాలి? శిఖం భూముల్లో ఇళ్ళు లేచాయి, తూముల్లో ముళ్ళకంప మొలిచింది. జనగామ పక్కన మా అమ్మగారి ఊళ్ళో బోర్లు మీద బోర్లు వేసి అప్పుల పాలైన ఇళ్ళు ఎన్నో. చెరువు నిండితేనే బోరులోనూ నీళ్ళుంటాయని మా నాయిన అనేవాడు, ఎవరూ వినేవారు కాదు. 2015 మార్చి 12న మిషన్ కాకతీయ మొదలైంది. 46 వేలకు పైగా చెరువులు బాగుచేస్తామన్నారు, ఏళ్ళ తర్వాత చాలా చెరువుల్లో పూడిక లేచింది. రైతులు ట్రాక్టర్లలో మట్టి తోలుకున్నారు. మంచి పనే, కాదనను. కానీ యంత్రం వచ్చి పని చేసి పోయింది. ఏటా చూసుకునే చెయ్యి ఏది? నీరటి తిరిగి రాలేదు.

చెరువులూ వాగులూ పట్టించుకోకపోతే ఏమవుతుందో ఈ మధ్య మా రెండు జిల్లాలూ చూశాయి. 2023 జూలైలో మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరు మునిగిపోయింది. జనం ఇళ్ళ పైకెక్కారు, హెలికాప్టర్లు వచ్చాయి, కొందరు వరదలో కొట్టుకుపోయారు. 2024 సెప్టెంబర్ 1న కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య వరద వచ్చి పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది, పట్టాలు గాలిలో వేలాడాయి. అంత వానకు ఏ చెరువైనా ఎంతని ఆపుతుంది, నిజమే. కానీ నీళ్ళు పోవాల్సిన దారిలో మనం గోడలు కట్టుకుంటే ఆ వాన మరింత చేటు చేస్తుంది.

ఇక బతుకమ్మ. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు, పట్టుకుచ్చులు. ఆడబిడ్డలు తల్లిగారిళ్ళకు వచ్చే పండుగ ఇది. మలీద ముద్దలు, నువ్వుల సద్ది, పెరుగు సద్ది గిన్నెల్లో సర్దుకుని ఊరంతా చెరువు కట్టకు చేరుతుంది. వానాకాలం చివర, చెరువు నిండి ఉన్నప్పుడే ఈ పండుగ రావడం నాకు ఊరికే అయినట్టు అనిపించదు. ఏడాదికోసారి వచ్చే ఆడబిడ్డ కంటికి చెరువు మార్పు ఇట్టే తెలిసిపోతుంది. "పోయినేడు నీళ్ళు గీ మెట్టు దాకుండె గదా?" అని అడిగేది ఆమెనే. రోజూ చూసేవాళ్ళకు అది కనిపించదు.

బతుకమ్మ పూలు నీళ్ళను శుద్ధి చేస్తాయని ఎక్కడ చూసినా రాస్తున్నారు. మా అత్తమ్మ దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పింది: "పూలేస్తే నీళ్ళు మంచిగైతయంటరు గని, పూడిక ఎవరు తీస్తరే?" నాదీ అదే మాట. పైగా ఆ పూలే కరువవుతున్నాయి. గునుగు చేన్లల్లో కలుపుగా మొలిచే మొక్క. కలుపు మందు కొట్టిన పత్తి చేన్లో గునుగు ఎక్కడ మిగులుతుంది? చిన్నప్పుడు ఒడిలో తెంపుకొచ్చిన పువ్వును ఇప్పుడు బజారులో కట్టల లెక్కన కొంటున్నాం. థర్మాకోల్ మీద పేర్చిన బతుకమ్మలు కూడా చూశాను. అవి నీళ్ళలో మునగవు, కరగవు, వాటిని ఏ పేరుతో పిలవాలో నాకు తెలియదు.

మొన్నటి కార్తీకంలో రెండు కుటుంబాలం కలిసి భూపాలపల్లి జిల్లా గణపురం పోయాం. కోటగుళ్ళు చూసి, గణపసముద్రం కట్ట దగ్గర చెట్టు కింద పులిహోర, పప్పుచారు తిన్నాం. తిన్నాక పిల్లలకు టెక్సస్ ముచ్చట చెప్పి తలా ఒక నోటుబుక్కు ఇచ్చాను. ఏరడం ఒక జట్టు, రాయడం ఒక జట్టు. మొదట మూతి ముడుచుకున్న పిల్లలు అరగంట తిరిగేసరికి పోటీలు పడ్డారు. నీళ్ళ ప్యాకెట్లు, గుట్కా కవర్లు, మందు సీసాలు ఎక్కువుంటాయని మేమనుకున్నాం, ఉన్నాయి కూడా. అయితే వాటితో పోటీగా పసుపు కుంకుమ ప్యాకెట్లు, అగరబత్తి డబ్బాలు, అభిషేకం పాల కవర్లు దొరికాయి. మా మరిది కొడుకు అవి రాసుకుంటూ, "పెద్దమ్మా, ఇవి దేవునికి తెచ్చినవాళ్ళవే కదా?" అన్నాడు. అక్కడున్న పెద్దవాళ్ళెవరూ మాట్లాడలేదు.

తీరం శుభ్రం చేసే ఆ మూడో శనివారం 2025లో సెప్టెంబర్ 20న వచ్చింది. మరునాడే ఎంగిలిపూల బతుకమ్మ. ఈ రెండూ ఇట్లా పక్కపక్కన వచ్చాయని చూసి మా వీధి ఆడవాళ్ళం పదిమందిమి శనివారం పొద్దున్నే చీపుర్లు, పారలు, గంపలు పట్టుకుని చెరువు దగ్గరికి పోయాం. పిల్లలు నోటుబుక్కులతో వచ్చారు. మగవాళ్ళు ఇద్దరే వచ్చారు గానీ, ముళ్ళకంప కొట్టింది వాళ్ళే. మధ్యాహ్నానికి మట్టి కింద పాత రాతి మెట్లు మూడు బయటపడ్డాయి. మరునాటి సాయంత్రం బతుకమ్మతో వచ్చిన ముసలవ్వ ఒకామె ఆ మెట్ల మీద నిలబడి చుట్టూ చూసి, "నేను లగ్గమై వచ్చినేడు బిందె ముంచింది గీ మెట్ల మీదనే" అన్నది. ఇంకా రెండు మెట్లు కింద ఉండాలని, తనకు బాగా యాది ఉందని కూడా చెప్పింది.