వారానికొక్క మాత్ర

యల్లాప్రగడ సుబ్బారావు పేరు ఎత్తగానే మనవాళ్ళ మాటలు అటు తిరిగి ఇటు తిరిగి ఒకే చోట ఆగుతాయి: ఆయనకి నోబెల్ రావలసింది, రాలేదు. 1895లో భీమవరంలో పుట్టడం, మెట్రిక్ మూడోసారికి గట్టెక్కడం, ఖద్దరు కట్టినందుకు మద్రాసు మెడికల్ కాలేజీలో తెల్ల ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవడం, 1922లో బోస్టన్‌లో దిగడం, ఇదంతా చాలామందికి తెలిసిన కథే. నేను చెప్పాలనుకున్నది దాని తర్వాతి కథ. ఆయన నడిపిన ప్రయోగశాలలో రక్తకేన్సర్ కోసం తయారైన ఒక మందు, ఆయన పోయిన చాలా ఏళ్ళకి కీళ్ళవాతం మందుగా ఎలా మారిందన్నది ఆ కథ. మారడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. ఎందుకంత ఆలస్యమయిందో తెలుసుకోవడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. ఆ కారణం మా ఊళ్ళలో ఇప్పటికీ కనబడుతూనే ఉంది.

మాది వెంకటాచలం. నెల్లూరు నుంచి గూడూరు పోయే హైవే మీద, టోల్‌గేటు దగ్గర. చుట్టూ వరి పొలాలు. ఇక్కడ ఆడవాళ్ళకి వేళ్ళే పెట్టుబడి: నారు పీకాలి, నాట్లు వెయ్యాలి, కలుపు తియ్యాలి. వేళ్ళు పట్టేస్తే ఆ రోజు కూలి లేదు. కానీ కీళ్ళు నొప్పంటే మా వైపు అందరూ చెప్పే మాట ఒక్కటే, 'వాతం'. అరవై దాటినాయన మోకాలు నొప్పీ వాతమే, ముప్పై అయిదేళ్ళ ఆమె వేళ్ళ వాపూ వాతమే. ఈ రెండూ ఒకటి కావు. మొదటిది ఎక్కువగా అరుగుదల. రెండోది మంట. డాక్టర్లు ఇంగ్లీషులో ఇన్‌ఫ్లమేషన్ అనేది ఈ మంటనే, ఆ మాటకి మూలమైన లాటిన్ పదానికి అర్థం కూడా మంటే.

ఈ మంటకి నాలుగు గుర్తులు చెప్పినవాడు మొదటి శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. తర్వాతి వైద్యులు ఐదోది చేర్చారు: ఆ భాగం పని చెయ్యకపోవడం. కాల్లో ముల్లు దిగితే ఐదూ కనబడతాయి. నిజానికి అది జబ్బు కాదు, ఒంటి కాపలా. రక్తనాళాలు వెడల్పవుతాయి, తెల్లకణాలు అక్కడికి పరుగెత్తుతాయి, సూక్ష్మజీవుల్ని చంపుతాయి, చెత్త ఎత్తేస్తాయి. పని అయిపోగానే మంట ఆరిపోవాలి. 2006లో చికున్‌గున్యా వచ్చినప్పుడు ఆంధ్రదేశంలో ఎంతోమంది కీళ్ళలో ఈ మంట ఎట్లా ఉంటుందో చవిచూశారు. వైరస్ పోయాక ఎక్కువమందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గింది.

రుమటాయిడ్ ఆర్త్రయిటిస్ అనే కీళ్ళవాతంలో ఆ మంట ఆరదు. శత్రువు ఎవడూ లేకపోయినా కాపలావాళ్ళు కీలు లోపలి పల్చటి పొర మీద పడతారు. ఆ పొర ఉబ్బి, మందమై, పక్కనున్న మృదులాస్థిని, ఎముకని కొరుక్కుంటూ పోతుంది. కంచే చేను మెయ్యడమంటే ఇదే. ఒళ్ళు తన మీద తానే తిరగబడుతుందంటే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చాలామంది ఒప్పుకోలేదు. రోగనిరోధక శాస్త్రానికి ఆద్యుల్లో ఒకడైన పాల్ ఎర్లిక్, శరీరానికి అలాంటి పనంటే భయమనీ, దాన్ని ఆపుకునే ఏర్పాటు ఏదో దానికి ఉండి తీరాలనీ వాదించాడు. నార్వేలో ఎరిక్ వాలర్ 1940లో, అమెరికాలో హారీ రోజ్ బృందం 1948లో, ఈ రోగుల రక్తంలో ఒక వింత యాంటీబాడీని గమనించారు. ఇప్పుడు లాబ్ రిపోర్టుల్లో 'ఆర్.ఎఫ్.' అని కనబడే రుమటాయిడ్ ఫాక్టర్ అదే. సొంత ఒంటి మీద తిరగబడే జబ్బులున్నాయన్న మాట 1950ల్లో గాని శాస్త్రంలో స్థిరపడలేదు.

ఇక మన కథ 1948లో మొదలవుతుంది. దానికి ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

సుబ్బారావు అమెరికా పోకముందే ఆయన సోదరులిద్దరు రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. గ్రహణి లాంటి జబ్బు అది. తిన్నది వంటబట్టదు, రక్తం తగ్గిపోతుంది. ఆయనకీ అది వచ్చింది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో బతికాడు. అలాంటి రక్తహీనత మీదే 1930ల మొదట్లో బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు పనిచేసింది. ఈస్టు సారంలో ఉన్న ఏదో పదార్థం గర్భిణుల రక్తహీనతని తగ్గిస్తోందని గమనించింది. ఆ పదార్థమే తర్వాత ఫోలిక్ ఆమ్లమని తేలింది. లాటిన్‌లో ఆకుకి ఉన్న పేరు నుంచి వచ్చిన పేరది, ఆకుకూరల్లో దొరుకుతుంది గనక. లెడర్లీ కంపెనీలో సుబ్బారావు నాయకత్వంలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్తలు 1945 నాటికి దాన్ని కృత్రిమంగా తయారుచేశారు.

బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు, ఫోలిక్ ఆమ్లం జాతి మందులు ఇస్తే రక్తకేన్సర్ పిల్లల్లో జబ్బు తగ్గకపోగా ఎగదోసినట్టు అవుతోందని అనుమానించాడు. అట్లయితే దానికి విరుగుడు ఇస్తే? లెడర్లీ వాళ్ళు అచ్చం ఫోలిక్ ఆమ్లంలాగే కనబడే నకిలీలు తయారుచేసిచ్చారు. తాళంలోకి దూరుతుంది గాని తిరగని తాళంచెవి లాంటివి అవి. కణం దాన్ని అసలుదనుకుని తీసుకుంటుంది, ఇక కొత్త కణాలు చెయ్యలేక ఆగిపోతుంది. అలా వచ్చినవి అమినోప్టెరిన్, దాని తమ్ముడు అమెథోప్టెరిన్. ఈ పని రసాయన శాస్త్రవేత్త డోరిస్ సీగర్, ఆమె సహచరుల చేతుల మీదుగా జరిగింది. ఆ తమ్ముడికే తర్వాత మెథోట్రెక్సేట్ అని పేరు వచ్చింది.

1948 జూన్‌లో ఫార్బర్ వ్యాసం వచ్చింది: 16 మంది పిల్లల్లో 10 మందికి మేలు కనబడింది, అది తాత్కాలికమే అయినా. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే పోయాడు. 53 ఏళ్ళు. సెప్టెంబరులో అమెరికాలోనే మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్, కీళ్ళవాతంతో మంచం పట్టిన ఒక యువతికి, ఎడ్వర్డ్ కెండాల్ వేరుచేసిన ఒక హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చాడు. కొద్ది రోజుల్లో ఆమె లేచి నడిచింది. ఆ హార్మోన్ కార్టిజోన్, స్టెరాయిడ్లలో ఒకటి. 1949లో ప్రకటించారు, 1950లో నోబెల్ ఇచ్చారు. సుబ్బారావుకి దక్కలేదని మనం బాధపడే బహుమతి, ఒక మందు వచ్చిన ఏడాదిన్నరకే మరొకరికి దక్కింది. అట్లా దక్కడం వింతేం కాదు. మంచంలో ఉన్న మనిషి వారంలో నడిస్తే ఎవరికైనా అది అద్భుతమే.

ఆ అద్భుతం వెలుగులో 1951 నాటి ఒక చిన్న వ్యాసం మరుగున పడిపోయింది. న్యూయార్క్‌లో రిచర్డ్ గబ్నర్, ఆయన సహచరులు కీళ్ళవాతం రోగులకి అమినోప్టెరిన్ కొద్ది కొద్దిగా ఇచ్చి చూశారు. వాపులు తగ్గాయి. పనిలోపనిగా సోరియాసిస్ మచ్చలు కూడా మాయమవడం గమనించారు. ఆ రెండో మాటని చర్మవైద్యులు పట్టుకున్నారు. మొదటి మాటని కీళ్ళ వైద్యులు పట్టించుకోలేదు. కేన్సర్ మందుని కీళ్ళనొప్పికి ఎవడిస్తాడు? చేతిలో కార్టిజోన్ ఉండనే ఉంది.

కార్టిజోన్ అసలు రంగు కొన్నేళ్ళకి బయటపడింది. ముఖం చంద్రబింబంలా ఉబ్బడం, షుగరు, బీపీ, ఎముకలు గుల్లబారడం, కడుపులో పుండ్లు. మందు ఆపితే మంట మళ్ళీ మామూలే. అన్ని రోజులూ నొప్పి తెలియకపోయినా లోపల కీళ్ళు దెబ్బతినడం మాత్రం చాలామందిలో సాగుతూనే ఉంది. అయినా మెథోట్రెక్సేట్ వైపు చూసినవాళ్ళు తక్కువ. రాబర్ట్ హాఫ్‌మైస్టర్ అనే డాక్టరు 1972లో ఒకసారి, 1983లో ఒకసారి తన రోగుల అనుభవం రాశాడు. 1985లో మైఖేల్ వైన్‌బ్లాట్ బృందం, మరికొందరూ ఎవరికి ఏ మాత్ర ఇస్తున్నామో రోగికీ డాక్టరుకీ తెలియని పద్ధతిలో పరీక్షలు చేసి ఫలితాలు ప్రచురించారు. వైన్‌బ్లాట్ పనిచేసింది బోస్టన్‌లోనే, సుబ్బారావు మొదట అడుగుపెట్టిన ఊళ్ళోనే. 1988లో అమెరికా ప్రభుత్వం ఈ మందుని కీళ్ళవాతానికి ఆమోదించింది. గబ్నర్ వ్యాసానికీ దానికీ మధ్య 37 ఏళ్ళు. ఆ కాలంలో వంకరపోయిన వేళ్ళకి లెక్క లేదు.

ఇంకొక విశేషం ఉంది. కేన్సర్‌లో ఈ మందు కణాల విభజన ఆపి పనిచేస్తుంది. కీళ్ళవాతంలో ఇచ్చేది వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు మాత్రమే. కొన్ని కేన్సర్లకి గ్రాముల లెక్కన ఇస్తారు. ఇంత కొంచెం మోతాదు మంటని ఎట్లా ఆర్పుతుంది? 1990ల్లో బ్రూస్ క్రోన్‌స్టైన్ బృందం చూపిన దాని ప్రకారం, ఈ మందు వల్ల మంట ఉన్న చోట అడెనోసిన్ అనే పదార్థం పెరుగుతుంది, అది తెల్లకణాలకి 'ఇక చాలు' అని చెబుతుంది. ఆ అడెనోసిన్‌లో చాలా భాగం కణాల బయట ఏ.టి.పి. విరగడం వల్ల వస్తుంది. ఏ.టి.పి.ని కండరంలో కనుక్కున్నది 1929లో, జర్మనీలో కార్ల్ లోమన్, విడిగా హార్వర్డ్‌లో ఫిస్క్, సుబ్బారావు. దుష్ఫలితాలు తగ్గడానికి ఈ మందుతో పాటు డాక్టర్లు రాసే రెండో మాత్ర ఫోలిక్ ఆమ్లం. అంటే మందుల చీటీ మీద ఉన్న రెండు మాత్రలూ ఒకే ప్రయోగశాల పనితో ముడిపడినవి, అవి పనిచేసే దారిలో ఎదురయ్యే పదార్థం కూడా ఆయన చేతుల్లోంచి వెళ్ళిందే.

ఇప్పుడు మా వైపుకి వస్తాను. ఈ జబ్బు వందమందిలో ఒకరికంటే తక్కువే, ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. వెయ్యి మంది పెద్దవాళ్ళున్న ఊళ్ళో అయిదారుగురు ఉంటారనుకోవచ్చు. పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోక గంటసేపు పట్టేసి ఉండడం, రెండు చేతులకీ ఒకేలా మణికట్టు దగ్గరా వేళ్ళ మొదట్లోనూ వాపు, ఇవి దీని గుర్తులు. అలాంటి మనిషి మొదట పోయేది ఊళ్ళోని ఆర్.ఎం.పి. దగ్గరికి. ఆయన ఒక సూది వేస్తాడు, కాసిని మాత్రలు కాగితంలో చుట్టి ఇస్తాడు. సాయంత్రానికల్లా నొప్పి మాయం. అందులో ఉన్నది స్టెరాయిడ్ అని ఆమెకి తెలీదు. 1948లో మేయో క్లినిక్‌లో జరిగిన అద్భుతం అట్లా మా ఊళ్ళలో ఇరవై ముప్పై రూపాయలకి మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. రెండు మూడేళ్ళు పోయాక, ముఖం ఉబ్బి వేళ్ళు వంకరపోయాక, నెల్లూరుకో మద్రాసుకో తీసుకుపోతారు. అక్కడ మెథోట్రెక్సేట్ రాస్తారు. వైద్యచరిత్ర పోగొట్టుకున్న 37 ఏళ్ళు ఒక్కొక్క రోగి ఒంటి మీద మూడేళ్ళుగా తిరిగి జరుగుతున్నాయన్నమాట. కీళ్ళకి జరిగే నష్టంలో చాలా భాగం ఆ మొదటి రెండు మూడేళ్ళలోనే జరుగుతుంది.

స్టెరాయిడ్‌ని దుర్మార్గమైన మందని నేననడం లేదు. మెథోట్రెక్సేట్ పట్టు దొరకడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆ లోపల ఓర్చుకోడానికి మంచి డాక్టర్లు కూడా కొద్ది మోతాదులో స్టెరాయిడ్ ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. వాడుతున్నదాన్ని ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే. చిక్కు ఎక్కడంటే, మొదటిది సాయంత్రానికి పనిచేస్తుంది, రెండోది రెండు నెలలకి. న్యూయార్క్‌లో గబ్నర్‌ని ఓడించింది ఆ తేడానే.

రెండో చిక్కు మా పెద్దమ్మ నోట విన్నాను. ఆమెకి ఈ మందు మొదలుపెట్టినప్పుడు చీటీ చూసి, "వారానికి ఒకటేసుకుంటే ఎట్టా తగ్గుద్దిరా అబ్బయా? దినానికొకటేస్తే బిరీన తగ్గదా?" అంది. ఆమె ప్రశ్నలో తప్పు లేదు. బీపీ, షుగరు, గ్యాసు, ఆమెకి తెలిసిన మాత్రలన్నీ రోజూ వేసుకునేవే. కానీ మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంటే అది మళ్ళీ కేన్సర్ మందైపోతుంది. నోరంతా పుండ్లు, ఎముకల మజ్జలో రక్తకణాలు తయారవడం ఆగిపోవడం, ప్రాణం మీదికి రావడం. ఇట్లా పొరబడి చనిపోయినవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు, చదువుకున్న దేశాల్లో కూడా. అందుకే జాగ్రత్తగల డాక్టర్లు 'వారానికొకటి' అని ఊరుకోరు, ఏ వారమో పేరు పెట్టి చెబుతారు. మా పెద్దమ్మకి ఆదివారం చెప్పారు. మిగతా జాగ్రత్తలు కూడా ఉన్నాయి: కడుపుతో ఉన్నవాళ్ళు, కావాలనుకునేవాళ్ళు వాడకూడదు, మద్యం జోలికి పోకూడదు, రక్తకణాలకీ లివర్‌కీ అప్పుడప్పుడూ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి.

సుబ్బారావు శతజయంతికి 1995లో మన తపాలా శాఖ స్టాంపు వేసింది. మంచిదే. కానీ ఆయన పని ఊళ్ళలోకి వస్తున్నది చిన్న మాత్ర రూపంలో, ఇంగ్లీషులో రాసిన చీటీ మీద. చాలామంది చదవలేని అక్షరాల్లో ఆ చీటీ మీద ఉన్న ఒకే ఒక్క ప్రాణాధారమైన సంగతి, అది ఏ రోజు వేసుకోవాలన్నది. డాక్టరు గాని, మందుల షాపులో కుర్రాడు గాని, ఆ మాత్రల అట్ట మీద తెలుగులో 'ఆదివారం మాత్రమే' అని పెన్నుతో రాయడానికి అర నిమిషం పట్టదు.