కర్త లేని గ్రంథము

కర్త యెవరో తెలియని వాక్యము ప్రమాణ మగునా యను ప్రశ్న మన శాస్త్రములకు క్రొత్తది కాదు. కర్త లేకుండుటయే వేదమునకు నిర్దోషత్వ మని మీమాంసకు లనగా, కర్త ఆప్తుడైననే వాక్యము ప్రమాణ మని నైయాయికులు వాదించిరి. ఈ తగవు ఇరువదియొకటవ శతాబ్దారంభమున అమెరికాలో వేఱొక రూపమున తలయెత్తినది.

1979లో ల్యోటారు అను ఫ్రెంచి తత్త్వవేత్త, కెనడాలోని క్వెబెక్కు ప్రభుత్వపు విశ్వవిద్యాలయ మండలి కోరికపై, 'ఆధునికోత్తర స్థితి' యను చిన్న గ్రంథమును వ్రాసెను. సకలచరిత్రను ఒక్క సూత్రమున గ్రుచ్చు మహాకథలయందు నమ్మిక సడలిన దనుట దాని సారము. మాకు విశేషముగ తోచునది గ్రంథాంతమందలి సూచన: కంప్యూటరులలో నిలువచేసిన జ్ఞానభాండారమును ప్రజలందఱకు తెఱచి యుంచవలె నని యాతని కోరిక.

ఇరువదిరెండేండ్లకు, 2001 జనవరి 15వ తేదీన, జిమ్మీ వేల్సు, లారీ సాంగరు అనువారు వికీపీడియాను ప్రారంభించిరి. ముందటి యేట వారే, పండితులచే ఏడు దశల పరిశీలన చేయించి ప్రకటించు న్యూపీడియాను పెట్టి, ఏడాది గడచినను కొలది వ్యాసములకు మించి పొందజాలకపోయిరి. క్రొత్తదానిలో ఎవ్వరైనను వ్రాయవచ్చును, ఎవ్వరైనను దిద్దవచ్చును.

ఇందు సత్యమును నిర్ణయించువా డెవడు? ఎవడును గాడు. ఏ ప్రకటిత గ్రంథమున నెవ రేమనిరో చూపు మనియే దాని నియమము. దీనినిబట్టి, పదిమంది యొప్పినదే సత్య మని మా పైతరగతి విద్యార్థులు కొందఱు వాదింతురు. మే మొప్పుకొనము. 2005 మే నెలలో, జాన్ సైగెంథాలరు అను వృద్ధ పత్రికాసంపాదకుడు కెన్నెడీ సోదరుల హత్యలలో అనుమానితు డని యొక శుద్ధాబద్ధమును ఎవడో వికీపీడియాలో వ్రాసెను. ఆయన రాబర్టు కెన్నెడీకి సహాయకుడుగ పనిచేసినవాడు! నాలుగు మాసము లా వ్రాత యటులే నిలిచెను. సమ్మతియే సత్యమైనచో ఆ నాలుగు మాసములును ఆయన దోషియే కావలెను గదా. ఆయన దోషి కాడు. దిద్దుబాటను మాట కర్థ ముండవలె నన్నచో, వ్రాతకు వెలుపల నొక జరిగిన సంగతి యుండవలెను.

అదే సంవత్సరాంతమున నేచరు పత్రిక 42 విషయములపై నిపుణులచే పరీక్ష చేయింపగా, వికీపీడియా వ్యాసమునకు సుమారు నాలుగు, బ్రిటానికా వ్యాసమునకు సుమారు మూడు తప్పులు తేలినవి. బ్రిటానికావా రా లెక్కను తీవ్రముగ ఖండించిరి. తప్పు లెన్ని యని తగవులాడువా రందఱు ఒప్పు కల దని యొప్పుకొన్నవారే.

మన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును చేపట్టి, అకారము దాటకయే 1923లో గతించిరి. ఒక్క జీవిత మందులకు చాలదు. 2003 డిసెంబరున మొదలైన తెలుగు వికీపీడియాకు ఆ చిక్కు లేదు, వేఱొకటి కలదు. మా గ్రామపు చెఱువు తూమును కట్టిన వడ్డెరల పేర్లు వృద్ధుల నోట నున్నవి గాని యే పుస్తకమునను లేవు. అచ్చైన యాధారము లేనిదే అవి యా పుటల కెక్కజాలవు. నియమము సరియైనదే, అది లేనిచో సైగెంథాలరు వంటివారికి రక్ష లేదు. కాని యా వడ్డెరల మనుమడు మా తరగతిలో చదువుచున్నాడు. "అచ్చు కానంతమాత్రమున మా తాత మాట అబద్ధ మగునా, అయ్యవారూ?" అని మొన్న అడిగెను. కాదంటిమి. దాని నెక్కడ వ్రాయవలెనో మాత్రము చెప్పలేకపోతిమి.